ఆగకుండా మోగితేనే

దివిసీమ వెళ్లొచ్చి నెల దాటింది. ఎవరు కలిసినా "ఉప్పెన వచ్చిన చోటు చూసొచ్చావటగా, ఎలా ఉంది?" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్పి తప్పించుకుంటూ వచ్చాను. మొత్తం చెప్పాలంటే అందులో నా తప్పు కూడా చెప్పాలి. ఎదురుగా మనిషిని పెట్టుకుని చెప్పడం కంటే కాగితం మీద రాయడం నయమనిపించి ఇప్పుడు కూర్చున్నాను. అక్కడ నేను వెళ్లిన ఊరి పేరు మాత్రం రాయను. రేవు అని అంటాను. పేరు రాస్తే అక్కడి పెద్దాయనను అందరూ వేలెత్తి చూపిస్తారు, అది నాకిష్టం లేదు.

వన్ టౌన్

నేను మోటారు బండ్లకు వైరింగు చేస్తాను. ఇరవై రెండేళ్లుగా అదే పని. నా షాపు నుంచి వెళ్లిన బండి తీగ తెగి వెనక్కి వస్తే ఆ పూట నాకు అన్నం సహించదు. నేను కోపిష్టినని మా ఆవిడ అంటుంది. నిజమే. బానెట్ ఎత్తగానే ఎవరో చేసిన చెత్త పని కనబడితే నా నోరు ఊరుకోదు.

మొన్న వేసవిలో మిషన్ వారి మందుల జీపును లారీ మీద వేసుకొచ్చి నా షాపు ముందు దింపారు. మిలిటరీ వాళ్లు వాడి అమ్మేసిన పాత డిస్పోజల్ జీపు. ఉప్పెనకు కొట్టుకుపోయి తాడిచెట్ల మధ్య బురదలో పక్కకు ఒరిగి పడి ఉంటే, నెలల తర్వాత తవ్వి తీశారట. ఇంజను ఇంకొకరు బాగుచేశారు, వైరింగు నా వంతు. ఉప్పునీళ్లలో నానిన తీగ మహా మోసకారి. పైన తొడుగు చెక్కుచెదరదు, కోసి చూస్తే లోపల రాగి పచ్చబడి పొడిగా రాలుతుంది. అందుకని ఒక్క తీగ కూడా మిగల్చకుండా అన్నీ పీకేశాను.

పీకుతుంటే రెండు విషయాలు బయటపడ్డాయి. ఒకటి హారన్ తీగ. స్టీరింగు దగ్గర దాన్ని ఎవరో కోసి, పై తొడుగు ఒలిచి, రాగిని ఇనుప బోల్టుకు చుట్టి, వల అల్లే దారంతో బిగించి కట్టారు. అలా కడితే ఇక బటన్ నొక్కే పని లేదు, హారన్ దానంతటదే మోగుతూ ఉంటుంది. "ఏ తెలివితక్కువవాడు చేశాడో" అని తిట్టుకుని, కత్తిరించి చెత్తబుట్టలో పడేశాను.

రెండోది చూశాక తిట్టడానికి నోరు రాలేదు. ఆ జీపులో బ్యాటరీ సీటు కింద ఉంటుంది. అక్కణ్నించి ఇంజనుకు వెళ్లే లావు తీగ నేల రేకుకు పొడిచిన కన్నంలోంచి దూరి వెళ్తుంది. రేకు అంచు పదునుగా ఉంటుంది కాబట్టి ఆ కన్నానికి రబ్బరు బుష్ వేసి తీరాలి. వేయకపోతే కుదుపుకొకసారి తీగ అంచుకు రాసుకుంటుంది, తొడుగు తెగుతుంది, రాగి రేకుకు తగలగానే నిప్పులు చిమ్మి కాలిపోతుంది. ఈ జీపులో సరిగ్గా అదే జరిగింది. అంచు కరిగి ఉంది, తీగ రెండు ముక్కలై ఉంది. నీళ్లలో మునిగాక తీగ అలా కాలదు. కాలిన తర్వాతే నీళ్లు వచ్చాయి. ముక్క మీద చుట్టిన గుడ్డ టేపు, దాని చివర మైనపు దారం కట్టు చూడగానే పోల్చుకున్నాను. ఆ కట్టు కట్టింది నేనే. ఉప్పెనకు ముందటి ఏడాది ఆ జీపు నా దగ్గరికి వచ్చినప్పుడు సరైన కొలత బుష్ షాపులో లేదు. నాలుగు చుట్లు టేపు చుట్టి, మళ్లీ వచ్చినప్పుడు వేస్తాలే అని పంపించేశాను.

ఈసారి అలా చేయలేదు. ఊరంతా తిరిగి బుష్ తెచ్చాను. తీగకు పొడవునా సైకిల్ ట్యూబు తొడిగాను, జానెడుకొక చోట రేకు పట్టీ వేసి కదలకుండా బిగించాను, బ్యాటరీ కొనలకు గ్రీజు రాశాను. పాత తీగ సంగతి ఎవరికీ చెప్పలేదు. సముద్రం మింగిన బండిలో తీగ ఎందుకు కాలిందో ఎవరికి కావాలి అనుకున్నాను.

జీపును రేవులో అప్పగించడానికి డ్రైవరుతో పాటు నన్నూ వెళ్లి రమ్మన్నారు. క్రైస్తవులు పోయినవాళ్లకు దీపాలు పెట్టుకునే సమాధుల పండుగకు ముందు రోజు ఉదయం బయలుదేరాం. ఉప్పెన వచ్చి అప్పటికి ఏడాది కావస్తోంది.

ఉయ్యూరు దాటాక

డ్రైవరు పేరు నాంచారయ్య. కోడూరు వైపు మనిషి, లారీలు తోలినవాడు. బందరు రోడ్డు పొడుగునా నోరు మూయలేదు. ఉయ్యూరులో హోటల్లో భోంచేశాం. రెండు రూపాయలకు కొసరి కొసరి వడ్డించారు. గోంగూరలో పచ్చి ఉల్లిపాయ నంజుకుంటూ, కృష్ణ అవతలికి వెళ్లాక ఇలాంటి అన్నం దొరకదని నాంచారయ్య ముందే హెచ్చరించాడు.

ఊరు దాటాక రోడ్డుకు రెండు వైపులా చెరుకు తోటలు. గాలి లేదు, ఆకు కదలడం లేదు. ఉన్నట్టుండి హారన్ మోగింది. "అలా మోగిస్తావేమయ్యా, ఎదురుగా ఎవరున్నారని?" అన్నాను. నాంచారయ్య రెండు చేతులూ స్టీరింగు మీంచి ఎత్తి చూపించాడు. హారన్ ఇంకా మోగుతూనే ఉంది. మేం బండి ఆపేలోగా అదే ఆగిపోయింది.

బటన్ విప్పి చూశాను. తీగ పట్టుకుని చివరిదాకా తడిమాను. ఎక్కడా రాసుకోలేదు, ఎక్కడా తడి లేదు. నా పని నాకు తెలుసు కదా, ఒళ్లు మండింది. బటన్ కింద ఇసుక రేణువేదో పడి ఉంటుందని నాంచారయ్యకు చెప్పాను. నాకు మాత్రం ఇసుక కనిపించలేదు.

పులిగడ్డ

మోపిదేవి దాటి, పులిగడ్డ దగ్గర కృష్ణ పాయను దాటితే దివిసీమ. అవతలి ఒడ్డున టీ కొట్టు ముందు బండి ఆపి, తాళం తీసి జేబులో వేసుకుని బెంచీ మీద కూర్చున్నాం. టీ ముప్పై పైసలు, కాస్త ఉప్పగా ఉంది. నీళ్లే అంత అన్నాడు కొట్టాయన.

గ్లాసు సగమయ్యేసరికి జీపులో హారన్ మళ్లీ మోగింది. లోపల ఎవరూ లేరు. మా వన్ టౌన్‌లో రోజంతా హారన్లు మోగుతున్నా ఎవరూ తల తిప్పరు. అక్కడ మాత్రం కొట్టాయన గరిటె గాల్లో ఉండగానే ఆగిపోయాడు. సైకిల్ మీద పోయేవాడు కాలు కింద పెట్టాడు. అందరూ ఆకాశం వైపు కూడా కాదు, దక్షిణంగా సముద్రం ఉన్న దిక్కుకు చూస్తున్నారు. నేను పరుగెత్తి వెళ్లి తలుపు మీద చెయ్యి వేయగానే హారన్ ఆగింది. కొట్టాయన ఊపిరి వదిలి మళ్లీ టీ కలపడం మొదలుపెట్టాడు.

"ఇది ఇస్సాకు బండేనా?" అన్నాడు సైకిల్ ఆయన. నాంచారయ్య తలూపాడు. ఆయన జీపుకు దూరంగా జరిగి, రోడ్డు అవతలి అంచు పట్టుకుని వెళ్లిపోయాడు.

"ఇస్సాకు ఎవరు?" అని అడిగాను.

"ఉప్పెనప్పుడు ఈ జీపు డ్రైవరండీ. రేవులోనే ఉండేవోడు. అక్కడో కట్టుబాటుందండీ, మేస్త్రి గారూ. రేడియోలు అందరికీ లేవు గదా. జీపు హారన్ ఆగకుండా మోగితేనే గాలివాన వస్తందని లెక్క. అప్పుడెక్కడోళ్లక్కడ అన్నీ వదిలేసి మెరక మీద మిషనోళ్ల డాబాకి ఎల్లిపోవాలి. మోగి ఆగిందంటే మామూలే, మందులొచ్చాయని."

"మరి ఆ రోజు?"

"మోగలేదండీ. సాయంత్రం అవనిగడ్డలో కబురు విని ఇస్సాకు జీపేసుకుని బయల్దేరడం చూసినోళ్లున్నారు. ఊళ్లో హారన్ మాత్రం ఇనపళ్లేదు. బండి ఆ తర్వాత దొరికింది గానీ మనిషి దొరకలా. బండొదిలేసి తన పేణం చూసుకున్నాడంటారు. ఎక్కడో బతికే ఉన్నాడని కూడా అంటారు. వాళ్లావిడ మార్తమ్మ ఆ మాట పడతానే ఉంది."

"బతికుంటే ఇంటికి రాడా?"

"రేపు సమాధుల పండగ గదండీ. శవాలు దొరకనోళ్లందరికీ పేరుకో మట్టిదిబ్బ పోసుకున్నారు, సున్నం కొట్టి దీపం పెట్టుకోడానికి. ఇస్సాకుకి మాత్రం పోయనియ్యలేదు. సంఘ పెద్ద యోహాను గారు ఒద్దన్నారు. ఆయన మాట ఊళ్లో ఎవరూ దాటరండీ."

టీ గ్లాసు బెంచీ మీద పెట్టేశాను. వల దారంతో కట్టిన హారన్ తీగ నా కళ్ల ముందుకు వచ్చింది. కట్టింది తెలివితక్కువవాడు కాదు. జీపు వెళ్లలేని చోటికి కాలినడకన వెళ్లాలనుకున్నవాడు, తను లేకపోయినా హారన్ మోగుతూ ఉండాలని కట్టాడు. మోగుతోందనే నమ్మకంతో ముందుకు పరుగెత్తాడు. వెనక గాలికి జీపు ఊగింది, లావు తీగ రేకు అంచుకు రాసుకుంది, నా నాలుగు చుట్ల టేపు ఎంతసేపు ఆగుతుంది?

ఆ సాయంత్రం అవనిగడ్డలో ఒక సత్రం వరండాలో పడుకున్నాం. చెబుదామా మానేద్దామా అని అటూ ఇటూ దొర్లాను. సిగ్గు విడిచి రాస్తున్నాను, మానేద్దామనే ఎక్కువసార్లు అనిపించింది. నా షాపు పేరు పోతుందని భయం. జీపు అప్పగించి, మాట్లాడకుండా బస్సెక్కి వచ్చేస్తే ఎవరికీ తెలియదు.

ఉప్పు నేల

మర్నాడు కోడూరు దాటాక నేల రంగు మారింది. పొలాలు పొలాల్లాగే ఉన్నాయి, గట్లు ఉన్నాయి, మధ్యలో పైరు మాత్రం లేదు. ఎండిన చోట ఉప్పు తెల్లగా పేరుకుంది. తాడిచెట్లు చాలావాటికి తలలు లేవు. ఒక తుమ్మచెట్టు కొమ్మల్లో, మనిషి చేతికి అందని ఎత్తున, చీర ముక్క ఒకటి ఇంకా చిక్కుకుని ఉంది. గోడలు లేని ఇళ్ల అరుగులు వరసగా కనిపించాయి. ఒకచోట గుమ్మం ఒక్కటే నిలబడి ఉంది, ఆ గుమ్మానికి ఎవరో కొత్తగా పసుపు రాశారు. అంత దూరంలో ఒక్క పిట్ట అరుపు వినలేదు.

రోడ్డు అయిపోయి, కాలవ గట్టు మలుపు దగ్గర జీపు బురదలో ఆగింది. ఊరు అక్కడికి ఒక కేక దూరం. "ఇక్కణ్నించి లోపలికి జీపు పోదండీ, ఎప్పుడూ ఇక్కడే ఆపుతారు" అన్నాడు నాంచారయ్య. అతను తాళం తీసిన మరుక్షణం హారన్ మోగడం మొదలెట్టింది.

ఈసారి ఆగలేదు. ఊళ్లోంచి ఆడవాళ్లు, మగవాళ్లు, ముసలివాళ్లు బయటికి వచ్చారు. ఎవరూ అరవలేదు, ఏడవలేదు. చంకలో పిల్లలతో, చేతిలో ఉన్నవి అక్కడే వదిలేసి, మెరక మీద డాబా వైపు ఒకరి వెనక ఒకరు పరుగు తీశారు. ఆ పాదాల చప్పుడు, ఈ హారన్, అంతే. పొయ్యి మీది అన్నం మాడిన వాసన మా దాకా వచ్చింది. సీటు ఎత్తి బ్యాటరీ కొన పీకేశాను. చప్పుడు తెగింది. పరుగెత్తేవాళ్లు ఎక్కడివాళ్లక్కడ ఆగి, వెనక్కి తిరిగి మమ్మల్ని చూశారు. అందరిలో ఒక్కరే పరుగెత్తలేదు. బక్కపలచటి ముసలాయన ఒక అరుగు మీద ఊరికి వీపు పెట్టి కూర్చుని ఉన్నాడు. ఆయనే యోహాను అని తర్వాత తెలిసింది.

బటన్ కింద సన్నగా ఉప్పు పేరుకుని ఉంది. కారణం అదేనని ఇప్పటికీ అందరికీ చెబుతున్నాను. కొత్త బటన్ కిందికి ఉప్పు ఎలా వచ్చిందో నన్నడగకండి.

రేవులో భోజనం

మమ్మల్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. మార్తమ్మే వచ్చి అన్నానికి పిలిచింది. ఉప్పెనప్పుడు జబ్బు చేసి చల్లపల్లిలో పుట్టింట్లో ఉండటంతో బతికిందట. ముప్పై ఏళ్లుంటాయేమో. కొత్తగా వేసిన తాటాకు గుడిసె, దూలానికి ఒక లావు తాడు వేలాడుతోంది, దాని చివర ఉచ్చు లేదు, గట్టి ముడులున్నాయి. పక్క గుడిసెలోనూ, ఆ పక్కదాంట్లోనూ అదే తాడు చూశాను. నీళ్లొస్తే పిల్లల నడుముకు కట్టడానికట.

చేపలు పట్టే ఊరు కదా, మంచి పులుసు దొరుకుతుందని ఆశపడ్డాను. పప్పు, మిరపకాయ వేపుడు పెట్టింది.

"చేప ఒండటం లేదండీ" అంది నేను అడక్కుండానే. "మావోళ్లు పడతారు, అమ్మేస్తారు. ఈ నీళ్లల్లో చేప మేం ఎట్టా తింటామండీ? ఎవర్ని తిని బతికిందో."

ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆమే మళ్లీ అడిగింది. "జీపంతా విప్పింది మీరేనంట గదండీ. ఆయన వస్తువేదన్నా దొరికిందా? చొక్కా జేబులో వల దారం ఉండ ఎప్పుడూ ఉండేది. అదన్నా?"

దొరికింది, పారేశాను. ఆ మాట అనలేక, లేదన్నట్టు తల తిప్పాను. ఆవిడ నమ్మింది. ఆవిడ నమ్మడం చూశాక నా మీద నాకే అసహ్యం వేసింది. ఇక బస్సెక్కి వచ్చేయడం నా వల్ల కాదని అప్పుడే తెలిసిపోయింది.

మట్టిదిబ్బలు

పొద్దు వాలుతుండగా అందరూ మెరక దగ్గరికి వచ్చారు. మా వైపు సమాధుల పండుగంటే గుణదల నుంచి పూలు, కొవ్వొత్తులు, జనం, సందడి. ఇక్కడ సమాధుల్లో ఎవరూ లేరు. సున్నం కొట్టిన చిన్న చిన్న దిబ్బలు నాలుగు వరసలు. దిబ్బ మీద కొవ్వొత్తి, బంతిపూలు నాలుగు. యోహాను కాగితం పట్టుకుని పేర్లు చదువుతున్నాడు. పేరు చదవగానే ఆ ఇంటివాళ్లు "ఉన్నాను" అంటూ పోయినవాళ్ల బదులు పలికి దీపం వెలిగిస్తున్నారు. చిన్నపిల్లల పేర్లకు పెద్దగొంతులు "ఉన్నాను" అంటున్నాయి. మార్తమ్మ వరసలకు దూరంగా, వెలిగించని కొవ్వొత్తి పట్టుకుని నిలబడింది.

పేర్లు అయిపోయాయి. యోహాను కాగితం మడుస్తున్నాడు.

"అయ్యగారూ, ఒక మాట చెప్పాలి" అన్నాను. "నేను జీపు వైరింగు మేస్త్రిని. ఇస్సాకు హారన్ మోగించాడు. నేను చూశాను."

"మీరెక్కడ చూశారండీ?" అన్నాడు యోహాను. కోపంగా అనలేదు.

చెప్పాను. బోల్టుకు చుట్టిన తీగ, వల దారం కట్టు, కాలిన లావు తీగ, కరిగిన కన్నం. వాళ్లకు అర్థం కావాలని నేల మీద పుల్లతో గీసి చూపించాను. "హారన్ ఆగకుండా మోగేలా కట్టి, మిమ్మల్ని లేపడానికి నడిచి వచ్చాడు. తీగ కాలిపోవడం వల్ల వెనక హారన్ చచ్చిపోయింది. అది అతనికి తెలియదు. రబ్బరు బుష్ వేయాల్సిన చోట వేయకుండా పంపింది నేను. ఆ దారం ముక్క పారేసింది నేను. అన్నం దగ్గర ఈవిడ అడిగితే లేదని అబద్ధం చెప్పింది కూడా నేనే. తప్పు నాది."

ఎవరైనా కొడతారనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనిపించింది. ఎవరూ కదల్లేదు. కొవ్వొత్తులన్నీ ఒకేసారి సముద్రం వైపు వంగి మళ్లీ లేచాయి.

"అసలు మోగితే మాకెందుకు ఇనపళ్లేదు?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

"ఎంతసేపు మోగిందో నాకు తెలియదు. ఒక్క క్షణమే కావచ్చు" అన్నాను.

అప్పుడు యోహాను కింద కూర్చున్నాడు. కాళ్లు మడుచుకుని, పిల్లాడిలా నేల మీద చతికిలబడ్డాడు. చేతిలోని పేర్ల కాగితం ఒళ్లో పెట్టుకున్నాడు.

"నేను ఇన్నాను" అన్నాడు. "చర్చిలో ఉన్నాం, యాభై మందిమి. గాలి హోరు. గుమ్మం దగ్గరున్నాను గాబట్టి నాకొక్కడికే ఇనపడింది. లెగండని చెయ్యెత్తాను. అంతలోకే ఆగిపోయింది. ఆగిందంటే మామూలే గదా, మందులబండేలే, కూచోండని చెప్పాను. నా మాటిని కూచున్నారు."

ఎవరో ఏడుపు మొదలుపెట్టి మధ్యలోనే ఆపుకున్నారు. "ఆడు మోగించలేదంటే నేను ఇననట్టే గదా" అన్నాడు యోహాను. "అందుకే ఆ పేరు రాయనియ్యలా."

మార్తమ్మ వరసలు దాటుకుని వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది. తిడుతుందనుకున్నాను.

"ఎంతసేపు మోగింది తాతా?" అని అడిగింది.

ఆయన కళ్లు మూసుకుని, నోరు తెరిచి, గొంతులోంచి ఆ చప్పుడు తీశాడు. ముసలి గొంతులోంచి వచ్చింది అచ్చం ఆ హారనే, రెండు రోజులుగా నేను విన్నదే. సన్నగా మొదలై, పెరిగి, దిబ్బల మీదుగా, ఉప్పు నేల మీదుగా పోతూనే ఉంది. ఆయన మెడ నరాలు ఉబ్బాయి. జనంలో కొందరి కాళ్లు వాటంతటవే డాబా వైపు కదిలాయి. నేను అనుకున్నట్టు ఒక్క క్షణం కాదు ఆ మోత. చాలాసేపు ఉంది. ఆ తర్వాత కత్తితో కోసినట్టు ఆగిపోయింది.

మార్తమ్మ చివరిదాకా విన్నది.

"అంతసేపు మోగించాడన్నమాట" అంది.